కుక్కలక్కకు ఉత్తరాలు

(పాఠకుల ప్రశ్నలకు ఈ నెల జవాబులు చెబుతున్నది ఒడిశాలోని బరంపురం నుంచి ఒక అక్క. పొద్దున, సాయంత్రం ఇళ్ల కుక్కల్ని నడకకు తీసుకెళ్లడం ఆమె పని. పేరు వేయొద్దన్నారు. గాంధీనగర్ పిల్లలు పెట్టిన 'కుక్కలక్క' అన్న పేరు మాత్రం వేసుకోమన్నారు.)

ప్రశ్న: అక్కా, మావారు ముచ్చటపడి హస్కీ పిల్లను కొన్నారు. ఇప్పుడు దానికి ఏడాదిన్నర. ఆయన డ్యూటీకి వెళ్లాక, ఎనిమిది దాటాక నేను బయటికి తీసుకెళ్తున్నాను. నాలుగిళ్లు దాటగానే రోడ్డు మీద చతికిలబడుతుంది. లాగినా లేవదు. మొండితనమా, జబ్బా? (గృహిణి, రాయగడ)

మొండితనం కాదు, జబ్బూ కాదు చెల్లెమ్మా. ఎండ. మంచులో బండ్లు లాగడానికి పెంచిన జాతి అది. ఒంటి మీద రెండు వరసల బొచ్చు. ఏప్రిల్ నెలలో ఎనిమిది దాటాక తారురోడ్డు మీదికి తెస్తే పడుకోక ఏం చేస్తుంది? కుక్కకి మనలా ఒళ్లంతా చెమట పట్టదు. పాదాల అడుగున కాస్త పడుతుంది, అంతే. నాలుక బయటపెట్టి రొప్పడమే దానికి ఫ్యాను. రొప్పేటప్పుడు నోట్లో తడి ఆరితేనే ఒళ్లు చల్లబడుతుంది. మా బరంపురంలో సముద్రపు ఉక్కకి ఆ తడి కూడా త్వరగా ఆరదు. పగ్, షిట్జు లాంటి చప్పిడి మూతి కుక్కల అవస్థ అయితే చెప్పనక్కర్లేదు. మీ రాయగడలో ఉక్క కాస్త తక్కువేమో గానీ ఎండకి తక్కువేం లేదు.

బయల్దేరే ముందు అరచేతి వెనకవైపు రోడ్డుకి ఆనించి ఏడు అంకెలు లెక్కపెట్టండి. మధ్యలో చెయ్యి తీసేయాలనిపిస్తే ఆ రోడ్డు మీద దాన్ని నడిపించకూడదు. మనకి చెప్పులున్నాయి కాబట్టి తెలియదు. ఎండాకాలంలో నేను నాలుగున్నరకే మొదటి ఇంటి గేటు తీస్తాను, ఆరున్నరకల్లా అందరినీ ఇళ్లకు చేర్చేస్తాను. ముచ్చటపడి కొన్నది మీవారు కాబట్టి ఐదింటికి లేవాల్సింది ఆయనే. ఈ మాట నేనన్నానని చెప్పండి.

బొచ్చు గొరిగించమని ఎవరైనా సలహా ఇస్తే వినకండి. ఎండ నేరుగా చర్మానికి తగలకుండా అది అడ్డు. రోజూ దువ్వి, ఊడే బొచ్చు తీసేస్తే చాలు. ఎప్పుడైనా చిగుళ్లు బాగా ఎర్రబడి, చిక్కటి చొంగ కారుతూ, నడక తూలితే మాత్రం ఆలస్యం చేయొద్దు. నీడకి చేర్చి, పొట్ట మీదా కాళ్ల మీదా మామూలు నీళ్లు పోసి, గాలి తగిలేలా చూసి, వెంటనే పశువుల ఆస్పత్రికి తీసుకెళ్లండి.

ప్రశ్న: డిగ్రీ పాసయ్యాను. ఉద్యోగం దొరికేలోగా కుక్కల్ని తిప్పే పని మొదలుపెడదామంటే మా నాన్న 'చదివించింది కుక్కలు కాయడానికా' అన్నారు. మీ ఇంట్లో ఏమన్నారు? డబ్బులొస్తాయా? (యువకుడు, పర్లాకిమిడి)

తమ్ముడూ, మాది పట్టు నేసే ఇల్లు. బరంపురం పట్టుకి 2012లో జి.ఐ. గుర్తింపు, అంటే ఆ పేరు ఈ ఊరి పట్టుకే చెల్లుతుందన్న ముద్ర, వచ్చింది. ఆ వార్త వచ్చిన పేపరు ముక్కని మా మావగారు కత్తిరించి గోడకి అంటించారు. కాగితం ఇప్పటికీ గోడ మీద ఉంది గానీ మగ్గం మీద పని తగ్గింది. నేను గాంధీనగర్‌లో రెండిళ్లలో వంటకి కుదిరాను. అందులో ఒక అమ్మగారికి మోకాలి ఆపరేషన్ అయింది. వాళ్ల లాబ్రడార్‌ని బయటికి తీసుకెళ్లేవాళ్లు లేక అది మేడ మీదే అన్నీ కానిచ్చేస్తోంది. 'వంటతో పాటు దీన్ని కూడా తిప్పు, ఇంకో ఐదొందలు ఇస్తాను' అన్నారు. తిప్పాను. పక్కింటివాళ్లు చూశారు, వాళ్ల పక్కింటివాళ్లు చూశారు. కొన్నాళ్లకి వంట మానేశాను.

ఇంట్లో ఏమన్నారని అడిగావు. మా అత్తగారు వీధిలో ఎవరడిగినా 'కోడలు డ్యూటీకెళ్లింది' అంటుంది. ఏం డ్యూటీ అంటే మాట మార్చేస్తుంది. నెల మొదట్లో డబ్బు చేతిలో పెట్టినప్పుడు మాత్రం ఏ డ్యూటీదని అడగదు. మా ఆయన మొదట్లో నాతో పాటు వీధి చివరిదాకా వచ్చేవాడు, చీకట్లో ఆడమనిషి ఒక్కతీ ఎలా వెళ్తుందని. తర్వాత నా పక్కన నడిచే జర్మన్ షెపర్డ్‌ని చూసి ఆ బెంగ వదిలేశాడు.

డబ్బు సంగతి. మా ఊళ్లో రెండు పూటలా అరగంట చొప్పున, ఒక కుక్కకి నెలకి 1,500 నుంచి 2,000 తీసుకుంటాను. మాట వినని పెద్ద కుక్కయితే 2,500 అడుగుతాను. మీ ఊరు చిన్నది, నాలుగైదు ఇళ్లు దొరికితే గొప్ప. ఇల్లు గడవదు గానీ పరీక్షల ఫీజులకీ పుస్తకాలకీ ఎవరినీ అడగక్కర్లేదు. ముందే తేల్చుకోవాల్సిన మాట ఒకటుంది. ఇంటివాళ్లు పూరీకో తిరుపతికో వెళ్లి ఆ వారం జీతం కోసేస్తారు. సరదా వాళ్లది, కోత మనది. ఊరెళ్లినా నెల జీతం నెలదేనని మొదటి రోజే చెప్పు. ఇంకోటి, 'ఎలాగూ బజారు వైపే కదా' అంటూ చిన్న చిన్న పనులు అంటగడతారు. ఒక చేతిలో ముప్పై కిలోల కుక్క, ఇంకో చేతిలో కొత్తిమీర కట్ట. ఎదురుగా మేక వచ్చిందనుకో, కొత్తిమీర ఎటు పోతుందో దేవుడికే తెలియాలి.

చేతులు జాగ్రత్త. లీష్‌ని, అంటే కుక్కకి కట్టే తాడుని, వేళ్లకి చుట్టుకోకు. పిల్లి కనబడి కుక్క ఒక్కసారి దూకితే వేలు విరుగుతుంది. లీష్ కొసనున్న ఉచ్చులోకి బొటనవేలు దూర్చి, మిగతాది అరచేతిలో మడిచి పిడికిలి బిగించు. లాగితే మెడకి బిగుసుకునే గొలుసు ఇచ్చేవాళ్లుంటారు. నేనైతే ఛాతీకి తొడిగే బెల్టు కొన్నాకే పనిలోకి వస్తానంటాను. జేబులో పాత పేపరు ఎప్పుడూ ఉండాలి. ఎత్తి పారేయకపోతే తిట్లు కుక్కకి రావు, నీకొస్తాయి.

మీ నాన్నగారు అన్నమాటలో అబద్ధం లేదు, ఇది కుక్కలు కాయడమే. ఆ మాట పట్టుకుని ఆయనతో గొడవ పెట్టుకోకు.

ప్రశ్న: మా బీగిల్ ప్రతి స్తంభం దగ్గర, ప్రతి తుప్ప దగ్గర ఆగిపోతుంది. అరగంటలో అర కిలోమీటరు సాగదు. నన్ను డాక్టరు రోజుకి నాలుగు కిలోమీటర్లు నడవమన్నారు. దీన్ని దారికి తెచ్చేదెలా? (రిటైర్డు ఉద్యోగి, సునాబెడ)

మీ నాలుగు కిలోమీటర్లు మీరు విడిగా నడవండి సార్. కుక్కతో వెళ్లినప్పుడు ఆ నడక కుక్కది.

కుందేళ్లని వాసన పట్టి వేటాడటానికి పెంచిన జాతి బీగిల్. దాని ముక్కుని మీరు స్తంభం దగ్గర ఆపలేరు. రాత్రి ఇటు ఏ కుక్క వచ్చింది, మగదా ఆడదా, ఎదకొచ్చిందా, ఇవన్నీ దానికి అక్కడే తెలుస్తాయి. నాకు అప్పజెప్పే ప్రతి ఇంటివాళ్లూ 'ఎంత దూరం తిప్పావు' అనే అడుగుతారు. ఎన్ని చోట్ల ఆగనిచ్చావని ఒక్కరూ అడగరు. గబగబా లాక్కుపోయిన రోజు అది ఇంటికొచ్చి చెప్పులు కొరుకుతుంది. నింపాదిగా వాసన చూడనిచ్చిన రోజు నీళ్లు తాగి గుమ్మంలో పడుకుంటుంది. రెండు రోజులు చూడండి, మీకే తెలుస్తుంది.

ప్రశ్న: వీధిలో రెండు నెలల కుక్కపిల్లతో ఆడుతుంటే చేతి మీద పన్ను గీరుకుంది. చిన్న గీత, రక్తం రాలేదు. అమ్మమ్మ పసుపు, సున్నం పెట్టింది. పిల్లకుక్కకి విషం ఉండదు, ఇంజెక్షన్ అక్కర్లేదంటున్నారు. నిజమేనా? (ఇంటర్ విద్యార్థిని, జయపురం)

చెల్లీ, ఇది చదివిన వెంటనే ఆస్పత్రికి బయల్దేరు. ఎన్ని రోజులైందో నువ్వు రాయలేదు. ఎన్ని రోజులైనా సరే, వెళ్లు.

కుక్కపిల్లకీ రేబిస్ వస్తుంది. రక్తం రాకపోయినా పన్ను గీత పడిందంటే టీకా వేయించుకోవాల్సిందే. ఆ జబ్బు లక్షణాలు ఒకసారి మొదలయ్యాక బతికించే మందు లేదు. కుక్క కాటుకి చెప్పుదెబ్బ అని సామెత చెబుతారు గానీ, కుక్క కాటుకి కావాల్సింది సబ్బూ కుళాయీ. గీత పడ్డ చోట సబ్బు రాస్తూ ధార కింద 15 నిమిషాలు కడగాలి. గడియారం చూసి కడగాలి, ఎందుకంటే రెండు నిమిషాలకే మనకి చాలా సేపైనట్టు అనిపిస్తుంది. పసుపు, సున్నం, కారం, పసరు ఏవీ వద్దు.

ప్రభుత్వ ఆస్పత్రిలో టీకా ఉచితం. బొడ్డు చుట్టూ పొడిచే రోజులు ఎప్పుడో పోయాయి, ఇప్పుడు చేతికే. చర్మంలోకి వేసే పద్ధతిలో మొదటి రోజు, తర్వాత 3, 7, 28 రోజులకి రమ్మని కార్డు మీద రాసిస్తారు. కండలోకి వేసే పద్ధతిలో అయితే 14 రోజులకి కూడా ఉంటుంది. రక్తం వచ్చేలా కరిస్తే గాయంలోనూ దాని చుట్టూ సీరం (వెంటనే రక్షణ ఇచ్చే మందు) కూడా వేస్తారు. కుక్కని 10 రోజులు గమనించమంటారు గానీ, ఆ 10 రోజులు అయ్యాక చూద్దామని టీకా ఆపకూడదు. మధ్యలో ఒక డోసు ఎగ్గొట్టకూడదు, సెలవులొచ్చాయని ఊరెళ్లిపోకూడదు.

కరవకముందే వేసుకునే టీకా కూడా ఉంది. కుక్కలతోనే బతుకు కాబట్టి నేను వేయించుకున్నాను. అయినా కరిస్తే మళ్లీ మొదటి రోజు ఒకటి, తర్వాత 3 రోజులకి ఒకటి, రెండు డోసులు పడతాయి. అమ్మమ్మని కసరకు. కూడా తీసుకెళ్లు, డాక్టరు నోట వింటే నమ్ముతుంది.

ప్రశ్న: బరంపురంలో చదువుకునే రోజుల్లో ఠాకురాణి యాత్ర చూశాను. ఆ డప్పులకీ జనానికీ మీ కుక్కలు ఎలా తట్టుకుంటాయి? (పాఠకుడు, ఛత్రపురం)

తట్టుకోవు. రెండేళ్లకోసారి చైత్రంలో అమ్మవారు పుట్టింటికి వస్తుంది. ఆ పుట్టిల్లు మా నేతవాళ్ల దేశీబెహెరా వీధిలోనే కాబట్టి మాకది ఇంటి పండగ. వారాల తరబడి డప్పులు, జనం, మొక్కుకున్నవాళ్ల వేషాలు. నాకేమో సంబరం, కుక్కలకేమో నరకం. ఆ రోజుల్లో చీకటి ఉండగానే తిప్పేసి, సాయంత్రం పూట డప్పులు లేని కొత్త కాలనీల వైపు తీసుకెళ్తాను.

ఒకసారి యాత్ర రోజుల్లో తెల్లారగట్ల టైసన్‌తో వస్తున్నాను. టైసన్ జర్మన్ షెపర్డ్. గేటు దగ్గర కొరియర్ కుర్రాళ్లని వణికిస్తాడు. సందు మలుపులో టీ బండి. దాని వెనక నుంచి పులి లేచింది. ఒంటి మీద పసుపు రంగు, నల్ల చారలు, నడుముకి తోక, చేతిలో టీ గ్లాసు. రాత్రంతా పులి ఆట ఆడి అలిసిపోయిన కుర్రాడు. టైసన్ మొరగలేదు. నా కాళ్ల మధ్యకి దూరాడు. నేను లీష్‌తో సహా కింద పడ్డాను. పులి గ్లాసు బండి మీద పెట్టి నన్ను లేపాడు. తర్వాత టైసన్ ముందు గొంతుక్కూర్చుని 'భయపడకు నాన్నా, నేను ఈ వీధివాణ్ణే' అని తెలుగులో చెప్పాడు. ఆ గొంతు విన్నాక టైసన్ మెడ చాచి అతని మోకాలు వాసన చూశాడు, రంగు మీద నాలుక పెట్టబోయాడు. అదొక్కటీ నేను ఆపాను, రంగుల్లో ఏం కలుపుతారో ఏమో.

దీపావళికీ ఇదే పద్ధతి. టపాసులు మొదలయ్యేలోపు నడక ముగించి, లోపలి గదిలో ఫ్యానూ టీవీ పెట్టి వదిలేయండి. మంచం కిందకి దూరితే లాగొద్దు. బెదిరి పారిపోతే దొరకాలి కదా, మెడ బెల్టు మీద మీ ఫోన్ నంబరు రాసి ఉంచండి.

ప్రశ్న: తుఫాను హెచ్చరిక వస్తే కుక్కని ఏం చేయాలి? మాది పెంకుటిల్లు. (పాఠకురాలు, గోపాలపురం)

చైను విప్పండి. మిగతావన్నీ తర్వాత. 2013 అక్టోబరు 12 రాత్రి ఫైలిన్ మీ ఊరి దగ్గరే తీరం దాటింది, మీకు నేను చెప్పాలా? 2018 అక్టోబరులో తిత్లీ వచ్చింది. అక్టోబరు అంటేనే మనకి టెన్షన్. షెల్టరుకి వెళ్లేటప్పుడు వీలైతే కూడా తీసుకెళ్లండి. వీలుకాకపోతే కట్టు మాత్రం ఉంచకండి. కట్టు లేని కుక్క ఎత్తు చూసుకుని ఎక్కుతుంది. నీళ్లు తీశాక వారం పాటు ఆ మడుగుల్లో దాన్ని తిప్పొద్దు. ఎలకల మూత్రం కలిసిన నీళ్ల వల్ల లెప్టో జ్వరం వస్తుంది, కుక్కకే కాదు, మనకీ. కుక్కకి దానికి టీకా ఉంది, ఏటా వేయించాలి.

ప్రశ్న: మీ ఇంట్లో కుక్క ఉందా? (చాలామంది)

లేదు. మాకున్నవి రెండు గదులు, అందులో ఒకటి మగ్గానిది. పట్టుదారం ఉన్న ఇంట్లో కుక్క బొచ్చు పనికిరాదు.

ప్రశ్న: పదమూడేళ్లు పెంచిన మా కుక్క పోయి నెలైంది. ఇంకా ఏడుస్తున్నానని ఇంట్లోవాళ్లు నవ్వుతున్నారు. మనిషి పోయినట్టు ఏంటిది అంటున్నారు. (పాఠకురాలు, గుణుపురం)

ఏడవండి వదినా. పైన చెప్పానే, మోకాలి ఆపరేషన్ అమ్మగారి లాబ్రడార్, దాని పేరు రాణి. నా చేతికొచ్చేసరికే మూతి తెల్లబడింది. చివరి ఏడాది వెనక కాళ్లు పట్టు తప్పాయి. వాళ్లది గ్రానైటు నేల, అడుగు వేస్తే కాళ్లు చెరోవైపుకి జారిపోయేవి. గది నుంచి గేటుదాకా గోనెసంచులు పరిచాను. మెట్ల దగ్గర పాత తువ్వాలు పొట్ట కింద నుంచి దూర్చి రెండు కొసలూ నేను ఎత్తి పట్టుకుంటే, ముందుకాళ్లతో ఒక్కో మెట్టూ దిగేది. అరగంట నడక కాస్తా వేపచెట్టు దాకా అయింది. అక్కడ నిలబడి గాలికి ముక్కు ఎత్తేది. కాసేపాగి వెనక్కి వచ్చేవాళ్లం. ఈ కాస్త దూరానికి నెల జీతం ఎందుకని అమ్మగారు ఒక్కసారీ అనలేదు. అది ఆవిడ మంచితనం.

పోయిన రోజు నాకు కబురు పెట్టాలని ఎవరికీ తోచలేదు. తువ్వాలు భుజాన వేసుకుని వెళ్తే గేటు దగ్గర పాలవాడు చెప్పాడు. అప్పటికే పెరట్లో పూడ్చేశారు. బెంగళూరులో ఉన్న వాళ్లబ్బాయి వీడియో కాల్‌లో ఏడుస్తున్నాడు. అమ్మగారు ఫోన్ నావైపు తిప్పారు. ఆ అబ్బాయిని నేను ఎప్పుడూ చూడలేదు. ఇద్దరం కాసేపు ఏం మాట్లాడాలో తెలియక చూసుకున్నాం. 'ఆఖర్న ఏమైనా తిన్నదా' అనడిగాడు. 'నిన్న సాయంత్రం పెరుగన్నం తిన్నది' అన్నాను. ఇంటికొచ్చి చెబితే మావాళ్లు 'అయితే ఇంకో ఇల్లు చూసుకో' అన్నారు. వాళ్లు రాతిగుండె మనుషులేం కాదు. ఆ నెల రెండు వేలు ఎక్కణ్ణుంచి వస్తాయన్న భయం. నేను బాత్రూంలో కుళాయి విప్పి ఏడ్చాను.

మీవాళ్లు నవ్వుతున్నారన్నారు. వాళ్లలో దానికి అన్నం పెట్టినవాళ్లు ఎవరో, తిప్పినవాళ్లు ఎవరో ఒకసారి గుర్తు చేసుకోండి. వెంటనే ఇంకో పిల్లని తెచ్చుకోమని అందరూ అంటారు. ఆ పిల్లకి ఇంకో పన్నెండేళ్లు చాకిరీ చేసే ఓపిక మీకుంటేనే తెచ్చుకోండి, మీ ఏడుపు ఆపడానికి మాత్రం వద్దు.

ప్రశ్న: మాది ఋషికుల్య నది మొగ దగ్గర ఊరు, చేపల వేట మా వృత్తి. మా కుక్క రాత్రుళ్లు ఒడ్డుకెళ్లి తాబేలు గుడ్లు తవ్వి తింటోంది. ఫారెస్టువాళ్లు కట్టేయమన్నారు. పుట్టాక కట్టు ఎరగని కుక్క, కడితే రాత్రంతా ఏడుస్తుంది. (పాఠకుడు, గంజాం జిల్లా)

అన్నయ్యా, మీ ఒడ్డుకి వచ్చేవి ఆలివ్ రిడ్లే తాబేళ్లు. 2023లో ఒక్క ఆ ఏడే ఆరు లక్షలకు పైగా వచ్చి గుడ్లు పెట్టాయి. 1972 నాటి వన్యప్రాణి చట్టం వాటికి గట్టి రక్షణ ఇచ్చింది. ఫారెస్టువాళ్లు వలలు కట్టినా, కుక్క ఇసక తవ్వితే వల ఏం ఆపుతుంది? ఒకసారి గుడ్డు రుచి మరిగిన కుక్క చెబితే వినదు. కట్టాల్సిందే.

ఒకేసారి రాత్రంతా కడితే మాత్రం ఏడవక ఏం చేస్తుంది? పగలు మొదలుపెట్టండి. గంజన్నం పెట్టేటప్పుడు మెడకి తాడు వేయండి, తిని మూతి నాక్కోగానే విప్పేయండి. రోజురోజుకీ ఆ సేపు పెంచండి. తాడు రెండు బారలు ఉండాలి, నీళ్లకుండ అందాలి, పైన నీడ ఉండాలి. ముఖ్యంగా పొద్దు వాలేలోపు దాన్ని బాగా తిప్పండి, ఒడ్డు వైపు కాదు, ఊరి వెనక రోడ్డు వైపు. ముక్కుకి పని దొరికి ఒళ్లు అలిస్తే సగం ఏడుపు అక్కడే పోతుంది. మిగతా సగానికి మీరు లేచి వెళ్లి ఊరడించకండి. ఏడిస్తే మనిషి వస్తాడని నేర్చుకుంటుంది.

ఫిబ్రవరి, మార్చిలో పెట్టిన గుడ్లు పిల్లలయ్యి బయటికి రావడానికి నెలన్నర నుంచి రెండు నెలలు పడుతుంది. అంటే మే దాకా రాత్రి కట్టు తప్పదు. మీ ఒక్కరి కుక్కని కడితే చాలదు. కుక్కలున్న ఇళ్లవాళ్లందరూ ఒకే రాత్రి మొదలుపెట్టండి. వీధిలో తిరిగే కుక్కని చూస్తే కట్టిన కుక్క ఇంకా ఎక్కువ ఏడుస్తుంది.